సన్నగానే ఉన్నారు, దమ్మేదీ?

ప్రపంచమంతటా టీనేజర్ల ఒంట్లో కొవ్వు పెరిగింది, పరుగులో దమ్ము తగ్గింది. మన దేశంలో మరో చిక్కు కూడా ఉంది. తూకం యంత్రం సన్నమని చెప్పే పిల్లల్లోనూ కొవ్వు దాగి ఉంటోంది.

నేలమీద 20 మీటర్ల ఎడంతో రెండు గీతలు. ‘బీప్‌’మని శబ్దం రాగానే పిల్లలు ఈ గీత నుంచి ఆ గీతకు పరుగెత్తాలి. మళ్లీ బీప్‌ వినబడేలోగా అక్కడికి చేరి, వినబడగానే వెనుదిరగాలి. మొదట్లో ఒక్కో పరుగుకు ఎనిమిదిన్నర సెకన్ల వ్యవధి ఉంటుంది కాబట్టి అంతా నవ్వుతూ తుళ్లుతూ పరుగెడతారు. కానీ నిమిషం గడిచే కొద్దీ బీప్‌ల మధ్య ఎడం తగ్గిపోతుంది. నాలుగైదు నిమిషాలయ్యేసరికి నవ్వులు ఆగిపోతాయి. ఒకరి తర్వాత ఒకరు డొక్కలు పట్టుకుని పక్కకు తప్పుకుంటారు. చివరికి ఒకరిద్దరు మిగులుతారు.

కెనడాలోని మాంట్రియల్‌ విశ్వవిద్యాలయంలో లూక్‌ లెజే 1980లలో రూపొందించిన పరీక్ష ఇది. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కాస్త జాగా, శబ్దం వినిపించడానికి ఓ టేపు ఉంటే చాలు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి ఎంతసేపు పనిచేయగలవో ఇది ఇట్టే చెప్పేస్తుంది. అందుకే దేశదేశాల్లోని బడి పిల్లల దమ్మును పోల్చడానికి పరిశోధకులు దీన్నే ఎంచుకున్నారు. 50 దేశాల్లో 9-17 ఏళ్ల వయసున్న 11 లక్షలమందికి పైగా పిల్లల ఫలితాలను క్రోడీకరించిన అధ్యయనం 2016లో ‘బ్రిటిష్‌ జర్నల్‌ ఆఫ్‌ స్పోర్ట్స్‌ మెడిసిన్‌’లో వెలువడింది. అందులో మొదటి స్థానం టాంజానియాది. ఆ తర్వాత వరుసగా ఐస్‌లాండ్‌, ఎస్టోనియా, నార్వే, జపాన్‌. ఒలింపిక్స్‌లో పతకాలు మూటగట్టుకునే అమెరికా 47వ స్థానంలో నిలిచింది. చిట్టచివరన ఉన్నది మెక్సికో.

ఆఫ్రికా దేశాల నుంచి సమాచారం తక్కువే కాబట్టి మొదటి ర్యాంకుకు అతిగా విలువివ్వనక్కర్లేదు. అయితే ఈ అధ్యయనంలో ర్యాంకుల కంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. ధనిక, పేద వర్గాల మధ్య అగాధం ఎక్కువగా ఉన్న దేశాల్లోనే పిల్లల దమ్ము తక్కువగా ఉంది. అంటే పిల్లలు పరుగెత్తగలగడం ఒక్క వాళ్ల ఇష్టాయిష్టాల మీదే ఆధారపడిన వ్యవహారం కాదు. ఆడుకునే జాగా, తినే తిండి, బడి వేళలు, అన్నీ అందులో కలిసి ఉంటాయి.

తల్లిదండ్రులతో పోల్చితే నేటి పిల్లలు వెనకబడ్డారన్నది ఇప్పుడు అనుమానం లేని సంగతి. ఆస్ట్రేలియా పరిశోధకుడు గ్రాంట్‌ టామ్కిన్సన్‌ 28 దేశాల్లో 1964-2010 మధ్య జరిగిన పరీక్షలను, రెండున్నర కోట్లమంది పిల్లల ఫలితాలను పరిశీలించి 2013లో అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ సమావేశంలో ఆ లెక్క చెప్పారు. తమ తల్లిదండ్రులు అదే వయసులో ఉన్నప్పటి కంటే ఈ పిల్లల దమ్ము దాదాపు 15 శాతం తక్కువ. మైలు పరుగు పూర్తి చేయడానికి 30 ఏళ్లనాటి పిల్లల కంటే ఒకటిన్నర నిమిషం ఎక్కువ పడుతోంది. ఒంట్లో చేరిన కొవ్వు ఇందుకు ఒక ప్రధాన కారణం. కాస్త ఊరట కలిగించే విషయమేమిటంటే, 19 సంపన్న, ఎగువ మధ్యాదాయ దేశాల గణాంకాలతో 2019లో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం ఈ పతనం 2000 తర్వాత దాదాపుగా ఆగిపోయింది. కానీ పోయిన దమ్ము తిరిగి రాలేదు.

రెండు పడవల ప్రయాణం

ఇక మన సంగతి. హాస్టల్‌ నుంచి సెలవులకు ఇంటికొచ్చిన కొడుకును చూడగానే తల్లి నోట వచ్చే మొదటి మాట ‘చిక్కిపోయావురా’ అని. నాలుగు కిలోలు పెరిగివస్తే ‘ఒళ్లు చేశాడు’ అని మురిసిపోతుంది. ఆరోగ్యానికి మనకున్న కొలమానం తూకమే. దేశం లెక్కలు కూడా తూకంలోనే ఉన్నాయి. అవి రెండు వైపులా మొగ్గుతున్నాయి.

ప్రపంచ దేశాల శాస్త్రవేత్తల బృందం ఒకటి 2017లో ‘లాన్సెట్‌’ వైద్య పత్రికలో ప్రచురించిన అంచనాల ప్రకారం 5-19 ఏళ్లవారిలో ఊబకాయులు 1975లో 1.1 కోట్లుండగా 2016 నాటికి 12.4 కోట్లయ్యారు. అదే 2016లో ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి వరకూ బరువు తక్కువున్న పిల్లల శాతం ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా నమోదైంది మన దేశంలో. బాలురలో 30.7 శాతం, బాలికలలో 22.7 శాతం ఆ కోవలోకి వచ్చారు. అదే బృందం 2024లో ప్రకటించిన అంచనాలు చూస్తే నాణేనికి రెండో వైపు కనబడుతుంది. మన దేశంలో ఊబకాయమున్న 5-19 ఏళ్ల పిల్లలు 1990లో 4 లక్షలు. 2022 నాటికి 1.25 కోట్లు.

యునిసెఫ్‌ 2025 సెప్టెంబర్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 5-19 ఏళ్లవారిలో ఊబకాయుల శాతం (9.4) బరువు తక్కువ పిల్లల శాతాన్ని (9.2) తొలిసారిగా దాటేసింది. అలా దాటనివి రెండే రెండు ప్రాంతాలు. ఒకటి సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా, రెండోది దక్షిణాసియా. దీన్ని చూసి మనం ఊపిరి పీల్చుకోవచ్చా? కుదరదు. ఎందుకంటే బక్కపలచగా కనిపించే పిల్లల ఒంట్లో ఏముందో తూకం యంత్రం చెప్పదు.

పైకి సన్నం, లోపల కొవ్వు

‘లాన్సెట్‌’లో 2004లో ఒక ఫొటో అచ్చయింది. పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరు డాక్టర్లు. ఒకరు పుణేలోని కేఈఎం ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్‌ యాజ్ఞిక్‌. మరొకరు లండన్‌కు చెందిన జాన్‌ యుడ్కిన్‌. ఎత్తును, బరువును కలిపి లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా ఒక్కటే, 22.3. ఆ అంకె ప్రకారం ఇద్దరూ భేషైన ఆరోగ్యవంతులు. కానీ ఒంట్లోని కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. బీఎంఐ ఒకటే అయినా ఒకరిది కండ, మరొకరిది కొవ్వు.

ఈ తేడా నడివయసులో పుట్టుకొచ్చింది కాదు. పుణే సమీప గ్రామాల్లో 1993లో మొదలుపెట్టిన అధ్యయనంలో యాజ్ఞిక్‌ బృందం నవజాత శిశువులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌ శిశువులతో పోల్చి చూసింది. పుణే శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్‌ శిశువులది 3.5 కిలోలు. మన శిశువుల్లో కండరాలు, పొట్టలోని అవయవాలు చాలా చిన్నవిగా ఉన్నాయి. కానీ చర్మం కిందున్న కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. తల్లికి సరైన పోషణ అందనప్పుడు గర్భస్థ శిశువు మెదడును కాపాడుకోవడానికి కండను వదులుకుంటుందన్నది శాస్త్రవేత్తల వివరణ. ‘సన్నటి కొవ్వు శిశువు’ అని వారు పెట్టిన పేరు వైద్య పరిభాషలో స్థిరపడిపోయింది.

కండ తక్కువైతే నష్టమేమిటి? భోజనం చేశాక రక్తంలోకి చేరే చక్కెరలో అత్యధిక భాగాన్ని ఇముడ్చుకునేది కండరాలే. గాదె చిన్నదైతే ధాన్యం వాకిట్లో మిగిలిపోయినట్లు, కండ తక్కువున్న ఒంట్లో చక్కెర రక్తంలోనే తచ్చాడుతుంది. కదలిక లేని కండరం ఉన్న చోటును కూడా సరిగా వాడుకోదు. పొట్ట చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ఇన్సులిన్‌ పనికి అడ్డుపడుతుంది. మన దేశంలో పెద్దల్లో మధుమేహులు 10.1 కోట్లమంది ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఆ వరుసలో చేరబోయేవారు ఇప్పుడు బడుల్లోనే ఉన్నారనడానికీ దాఖలా ఉంది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10-19 ఏళ్లవారిలో 24 శాతంమంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు. అధిక బరువున్నవారు 5 శాతమే. అయినా 10 శాతంమందిలో మధుమేహపు ముందస్తు లక్షణాలు కనిపించాయి. లావుగా ఉన్నవారికి రెట్టింపుమంది అన్నమాట.

అందుకే విదేశీ కొలతలతో మన పిల్లలను కొలిస్తే చాలదని భారత శిశువైద్యుల సంఘం (ఐఏపీ) తన చార్టులను 2015లో సవరించింది. పెద్దయ్యాక బీఎంఐ 25కు కాక 23కు చేరుకునే స్థాయిలో ఉన్న పిల్లలనే అధిక బరువు కింద లెక్కగడుతోంది.

ఇదంతా తలరాత అనుకోనక్కర్లేదనడానికి హైదరాబాద్‌ శివార్లలోని పల్లెలే సాక్ష్యం. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) 1987-90 మధ్య అక్కడ ఓ ప్రయోగం జరిపింది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం ద్వారా అదనపు ఆహారం అందింది. పక్కనున్న మరికొన్ని గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు 13-18 ఏళ్లవారయ్యాక, 2003-05లో, 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వారి రక్తనాళాల్లో బిరుసు తక్కువగా ఉంది, ఇన్సులిన్‌ మరింత సమర్థంగా పనిచేస్తోంది. ఒంట్లో కొవ్వు పాళ్లలో మాత్రం తేడా కనబడలేదు. ‘బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌’లో 2008లో అచ్చయిన ఈ ఫలితాలు చెప్పేదేమిటంటే, అమ్మ కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో దక్కిన పిడికెడు తిండి పదిహేనేళ్ల తర్వాత కూడా గుండెకు ఆసరాగా నిలుస్తుంది. కానీ కండ పెరగాలంటే తిండి ఒక్కటే చాలదు, ఒళ్లు వంగాలి.

కొలిచిన దేశాలు, మరచిన దేశాలు

పిల్లల ఒంటి సత్తువ దేశానికి సంబంధించిన విషయమని మొదట ఉలిక్కిపడింది అమెరికా. డాక్టర్‌ హన్స్‌ క్రౌస్‌ బృందం 1950లలో ఆరు చిన్న చిన్న కదలికలతో ఒక పరీక్ష జరిపింది. వంగి నేలను తాకడం, పడుకుని లేవడంలాంటివే. అందులో అమెరికా పిల్లల్లో 57.9 శాతంమంది తప్పారు. ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్‌ పిల్లల్లో తప్పింది 8.7 శాతమే. యుద్ధంలో చితికిపోయిన యూరప్‌ పిల్లలు కార్లు, టీవీలు ఉన్న తమ పిల్లలకంటే గట్టిగా ఉన్నారని తెలిసి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ 1956లో యువత దేహదారుఢ్యం కోసం ప్రత్యేక మండలి ఏర్పాటు చేశారు. ఆ తర్వాత అధ్యక్షుడి పేరిట బడుల్లో ఫిట్‌నెస్‌ పరీక్ష మొదలైంది. పుషప్‌లు, పరుగులు, గెలిచినవారికి బ్యాడ్జీలు. కానీ అది సహజంగా బలమున్న పిల్లలకు పతకం, లేనివారికి తోటివారి ముందు పరాభవం అన్న విమర్శలు పెరిగి 2012-13 విద్యా సంవత్సరంతో ఆ పరీక్షకు తెరపడింది. దాన్ని తిరిగి ప్రవేశపెడుతూ 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్‌ ఉత్తర్వుపై సంతకం చేశారు. ఇంతకీ ఈ ఆరు దశాబ్దాల హడావుడికి ఫలితం? 12-19 ఏళ్ల అమెరికన్లలో ఊబకాయులు 1970ల ఆరంభంలో 6 శాతముంటే 2017-20 నాటికి 22 శాతానికి చేరారు. పరీక్ష పెట్టడం వేరు, పిల్లల రోజును మార్చడం వేరు.

జపాన్‌ ఆ రెండో పని చేసింది. టోక్యో ఒలింపిక్స్‌ జరిగిన 1964 నుంచి అక్కడి ప్రభుత్వం ఏటా పిల్లల శారీరక సామర్థ్యాన్ని కొలిచి ఫలితాలు ప్రకటిస్తోంది. అక్కడా సమస్య లేకపోలేదు. 1985 ప్రాంతంలో శిఖరానికి చేరిన ఫలితాలు ఆ తర్వాత దిగజారాయి. కానీ జారుతున్న సంగతి వెంటనే తెలిసింది కాబట్టి చర్చ జరిగింది. బడిలో మధ్యాహ్న భోజనానికి 1954లోనే చట్టం చేసిన దేశమది. ఏం తినాలో, ఎందుకు తినాలో పిల్లలకు నేర్పడానికి 2005లో మరో చట్టం తెచ్చింది. చిన్న పిల్లలు గుంపులుగా బడికి నడిచి వెళ్లడం, అన్నం వడ్డించుకోవడం, తరగతి గదిని తామే ఊడ్చుకోవడం అక్కడ చదువులో భాగం. దాన్ని ఎవరూ వ్యాయామం అనరు. కానీ ఒంటికి అది వ్యాయామమే.

ఇంకా పట్టుదలగా కొలిచే దేశం యూరప్‌లోని చిన్న దేశం స్లొవేనియా. 1987 నుంచి ఏటా వసంతంలో అక్కడి బడులన్నిటా ఎత్తు, బరువు, చర్మం కింది కొవ్వు మందంతోపాటు 60 మీటర్లు, 600 మీటర్ల పరుగు, నిలుచున్న చోటి నుంచి దూకడం, కడ్డీ పట్టుకుని వేలాడడంలాంటి పరీక్షలు జరుపుతారు. ఫలితం ర్యాంకు కోసం కాదు. ఈ పిల్లవాడు నిరుడెలా ఉన్నాడు, ఈ ఏడు ఎలా ఉన్నాడన్నది తల్లిదండ్రులకు, వ్యాయామోపాధ్యాయుడికి తెలియడం కోసం. ఊబకాయం పెరుగుతున్న జాడ కనబడడంతో 2011 నుంచి అనేక బడుల్లో అదనపు వ్యాయామ తరగతులు పెట్టారు. పాల్గొన్న పిల్లల్లో మెరుగుదల కనిపించింది. 2020 వసంతంలో కరోనా కట్టడి వల్ల బడులు రెండు నెలలపాటు మూతపడ్డాక కొలిచి చూస్తే, ఆ పరీక్షల చరిత్రలోనే అతి పెద్ద పతనం నమోదైంది. రెండు నెలల్లో ఏం పోయిందో అంకెల్లో చెప్పగలిగిన దేశం కాబట్టి దిద్దుబాటుకు దిగింది. కరోనా కాలంలో మన పిల్లలు దాదాపు రెండు విద్యా సంవత్సరాలు ఇళ్లలో ఉన్నారు. వారి ఒంట్లో ఏం పోయిందో మనం కొలవలేదు.

చీపురు పట్టినా లెక్కే

పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు వేడెక్కి, ఊపిరి వేగం పెరిగేలా శ్రమించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 146 దేశాల్లో 11-17 ఏళ్లవారిపై జరిగిన సర్వేలను క్రోడీకరించి ఆ సంస్థ నిపుణులు 2019లో ప్రకటించిన లెక్క దిమ్మ తిరిగేలా ఉంది. 2016 నాటికి ప్రపంచంలోని బడి పిల్లల్లో 81 శాతం ఆ మాత్రం కూడా కదలడంలేదు. బాలురలో 78 శాతం, బాలికల్లో 85 శాతం. అందరికంటే అధ్వానం దక్షిణ కొరియా, 94 శాతం. అక్కడి బాలికల్లో ఏకంగా 97 శాతం. అందరికంటే నయం బంగ్లాదేశ్‌, 66 శాతం. మన దేశం 74 శాతంతో కాస్త నయమైన దేశాల సరసన నిలిచింది.

ఇందులో గర్వపడాల్సిందేమీ లేదు. బంగ్లాదేశ్‌, భారత్‌లలో బాలురను క్రికెట్‌ కాపాడుతోందని నిపుణుల విశ్లేషణ. మరి బాలికలు? వారిని లెక్కల్లో నిలబెట్టింది ఇంటి చాకిరీ. ఊడ్చడం, తోమడం, నీళ్లు మోయడం. అన్న బ్యాట్‌ పట్టుకుని వెళితే చెల్లెలు చీపురు పట్టుకుంటుంది. గణాంకాల్లో ఇద్దరూ ‘చురుకైన పిల్లలే’. చాకిరీ ఒంటిని కదిలిస్తుంది కానీ ఆటలోని ఆనందాన్ని, సాటివారితో పోటీపడే ధైర్యాన్ని ఇవ్వదు. పైగా ఆ శ్రమకు సరిపడా తిండి ఆమె కంచంలో లేదు. పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ల బాలికల్లో 40 శాతంమందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. బాలురలో 18 శాతమే. ప్రాణవాయువును మోసుకెళ్లే రక్తమే పలచబడితే పరుగెత్తే దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

అద్దం ముందు ఆడపిల్ల

ఈడొచ్చే వయసులో అబ్బాయిల ఒంట్లో కండ పెరుగుతుంది, అమ్మాయిల ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. అది ప్రకృతి ధర్మం. కానీ అద్దం ఆ మాట చెప్పదు. పసిఫిక్‌ సముద్రంలోని ఫిజీలో నిండైన ఒళ్లే అందమని తరతరాల నమ్మకం. అక్కడి నడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకునే అలవాటు అంతకుముందు హైస్కూల్‌ బాలికల్లో ఒక్కరికీ లేదు. మూడేళ్ల తర్వాత 11 శాతంమందిలో కనిపించింది. హార్వర్డ్‌ పరిశోధకురాలు ఆన్‌ బెకర్‌ 2002లో ప్రచురించిన ఈ అధ్యయనం టీవీ కాలానిది. ఇప్పుడా తెర ప్రతి అమ్మాయి అరచేతిలో ఉంది.

బడి కూడా అద్దంలా మారితే ఏమవుతుందో సింగపూర్‌ చూసింది. అక్కడి ప్రభుత్వం 1992లో ‘ట్రిమ్‌ అండ్‌ ఫిట్‌’ పథకం ప్రారంభించింది. లావుగా ఉన్న పిల్లలను విడదీసి విరామ సమయంలోనూ వ్యాయామం చేయించారు. ఊబకాయుల శాతం 14 నుంచి 10 లోపుకు దిగింది. అంకెల్లో ఘనవిజయమే. కానీ పథకం పేరులోని పొడి అక్షరాలను తిరగేస్తే ఇంగ్లీషులో ‘లావు’ అన్న మాట వస్తుంది. తోటి పిల్లలకు ఆ మాత్రం చాలు. వెక్కిరింతలు, అవమానాలు, తిండి మానేసే జబ్బులపై విమర్శలు వెల్లువెత్తాయి. చివరికి 2007లో ఆ పథకానికి స్వస్తి పలికి, లావు సన్నం తేడా లేకుండా అందరి ఆరోగ్యాన్నీ పట్టించుకునే విధానానికి మళ్లారు. తూకంమీద మొదలైన యుద్ధం పిల్లలమీద యుద్ధంగా మారడానికి ఎంతోకాలం పట్టదు.

మైదానం లేని చదువు

దక్షిణ కొరియా పిల్లలు ఎందుకు కదలడంలేదో తెలుగువారికి ఎవరూ వివరించనక్కర్లేదు. బడి అయ్యాక ‘హాగ్వాన్‌’ అనే ప్రైవేటు కోచింగ్‌ సెంటర్లలో రాత్రిదాకా చదువు. రాత్రి 10 దాటాక వాటిని నడపకూడదని సోల్‌ నగరంలో నిబంధన పెట్టాల్సివచ్చింది. అంతా ఒక్క ప్రవేశ పరీక్ష కోసమే. పేరు మారితే అది మన ఇంటర్మీడియట్‌ కథే. అపార్ట్‌మెంట్‌లాంటి భవనంలో కాలేజీ, పై అంతస్తులో హాస్టల్‌, తెల్లవారుజామున మొదలై రాత్రిదాకా సాగే స్టడీ అవర్స్‌. పదో తరగతి దాకా ఎంతోకొంత ఆడిన పిల్లవాడు ఆ రెండేళ్లలో మెట్లెక్కడం తప్ప మరో వ్యాయామం ఎరగడు. ఎముకలు గట్టిపడి కండ పట్టే వయసు సరిగ్గా అదే. అప్పుడు ఎముకల్లో దాచుకున్న నిల్వే ముసలితనం దాకా ఖర్చుపెట్టుకోవాలి. ర్యాంకు తర్వాత తెచ్చుకోవచ్చేమో కానీ ఆ రెండేళ్లను తిరిగి తెచ్చుకోలేం.

అవకాశమిస్తే మన పిల్లలు ఎంతదూరం వెళ్లగలరో కూడా ఈ నేలే చూపించింది. నిజామాబాద్‌ జిల్లా పాకాలకు చెందిన మాలావత్‌ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. వ్యవసాయ కూలీల బిడ్డ. భువనగిరి కొండమీద రాళ్లెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్ట్‌ శిఖరాన్ని అధిరోహించింది. అప్పటికామె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతోపాటు శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ కూడా అలాంటి గురుకులం విద్యార్థే. ఖరీదైన జిమ్‌లు, ప్రొటీన్‌ డబ్బాలు వారికి లేవు. ఉన్నదల్లా వేళకు తిండి, ఒక కొండ, నేర్పే మనిషి, వెనక నిలబడిన సంస్థ.

పరీక్షకు సంబంధించిన సరంజామా మన దగ్గరా ఉంది. 2019 ఆగస్టు 29న ‘ఫిట్‌ ఇండియా’ ఉద్యమం మొదలైంది. ‘ఖేలో ఇండియా’ కింద బడి పిల్లలకు నిర్దేశించిన పరీక్షల్లో బీఎంఐతోపాటు 50 మీటర్లు, 600 మీటర్ల పరుగు, పుషప్‌లు, ముందుకు వంగడంలాంటివి ఉన్నాయి. దాదాపు స్లొవేనియా పట్టికే. బడి క్యాంటీన్లలోనూ, బడి ఆవరణకు 50 మీటర్ల లోపునా కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తినుబండారాలు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చెప్పే బోర్డులు పెట్టాలని సీబీఎస్‌ఈ 2025లో తన బడులను ఆదేశించింది. కాగితంమీద లోటేమీ లేదు. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి చూస్తే ఆ 50 మీటర్ల నిబంధన ఎంత అమలవుతోందో ఎవరికి వారే తెలుసుకోవచ్చు.

ఇక్కడే తేడా ఉంది. స్లొవేనియాలో పరుగు ఫలితం ఇంటికి చేరుతుంది, ఏటా పోల్చి చూస్తారు. మన ఇళ్లకు చేరేది మార్కుల ప్రోగ్రెస్‌ రిపోర్టు. గణితంలో నాలుగు మార్కులు తగ్గితే మాస్టారిని నిలదీసే తండ్రికి, 600 మీటర్ల పరుగులో కూతురు నిరుటి కంటే అర నిమిషం వెనకబడిందని చెప్పేవారు లేరు. చెప్పినా ‘దానిదేముంది, సన్నగానే ఉందిగా’ అంటాడు. ఆ మాటే మన అసలు జబ్బు.

ఇంట్లోనే చూసుకోవచ్చు

నడుము కొలత: టేపుతో మీ పిల్లల నడుము చుట్టుకొలత, ఎత్తు కొలవండి. నడుము ఎత్తులో సగానికి మించకూడదు. 160 సెంటీమీటర్ల ఎత్తుంటే నడుము 80 లోపు ఉండాలి. తూకం చెప్పని పొట్ట కొవ్వును ఇది పట్టిస్తుంది.

గంట లెక్క: రోజుకు సగటున 60 నిమిషాలు. ఒక్కసారే కానక్కర్లేదు. బడికి నడక, సైకిల్‌, సాయంత్రం ఆట, అన్నీ కలుపుకోవచ్చు.

కండకు మూడు రోజులు: కబడ్డీ, ఖోఖో, తాడాట, చెట్టెక్కడం, పుషప్‌లలాంటి కండరాలకు, ఎముకలకు పని చెప్పేవి వారంలో కనీసం మూడు రోజులు ఉండాలి. అమ్మాయిలకు కూడా.

కంచంలో: పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు. అన్నం కుప్ప పెరిగితే కండ పెరగదు. అమ్మాయి అలసిపోతోందంటే బద్ధకమని తిట్టేముందు రక్తపరీక్ష చేయించండి.

మాట జాగ్రత్త: లావుగా ఉన్నావనీ, పుల్లలా ఉన్నావనీ పదిమందిలో అనవద్దు. బరువు గురించి కాదు, ఎంతసేపు ఆడావని అడగండి.

పెద్ద పెద్ద స్టేడియాలు కట్టేదాకా ఆగాల్సిన పని కాదిది. బీప్‌ టెస్ట్‌కు కావలసింది 20 మీటర్ల జాగా, గుప్పెడు సున్నం. ఏడాదికోసారి ప్రతి బడిలో ఆ గీతలు గీసి, పిల్లలు ఎంతసేపు పరుగెత్తగలిగారో రాసి ఇంటికి పంపితే, మార్కుల పక్కన ఇంకో అంకె చేరుతుంది. ఈ ఏడు నాలుగు నిమిషాలకే డొక్క పట్టుకున్న పిల్లవాడు వచ్చే ఏడు అయిదు నిమిషాలు నిలబడితే, అతని బరువెంతని ఎవరూ అడగనక్కర్లేదు.